నానార్థాలు – అనువాదం

అమరకోశం వల్లించినవారికి పర్యాయపదమంటే ఏమిటో, నానార్థమంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. ఒక వస్తువుకు పలు పేర్లుంటే అవి పర్యాయాలు; ఒక పేరుకు పలు అర్థాలుంటే అది నానార్థం. ఆ కోశం మూడవ కాండలో నానార్థాలకు ఒక వర్గమే ఉన్నది. ఈ రెండూ ఎదురెదురుగా నిలిచేవిగా తోచినా, అనువాదకుని చేతిలో మాత్రం మొదటిది రెండవదానికి తాళపుచెవి అవుతున్నది. ఇంగ్లీషు మాటను రష్యన్ భాషకు తీసుకుపోయి చూస్తే ఈ సంగతి స్పష్టపడుతుంది.

'ఫ్రీ' అనే మాట చూడండి. మన పల్లెల్లో అక్షరం రానివారు సైతం వాడే మాట. స్వేచ్ఛగల మనిషి అనే చోటా, కుర్చీ ఖాళీగా ఉన్నదనే చోటా, డబ్బివ్వకుండా దొరికిన టిక్కెట్టు అనే చోటా ఇంగ్లీషువాడు ఈ ఒక్క మాటతోనే సరిపెట్టుకుంటాడు. రష్యన్ అందుకు ఒప్పుకోదు. మొదటి రెండింటికీ 'స్వబోద్నీ' చెల్లుతుంది. మూడవదానికి 'బెస్‌ప్లాత్నీ' అనవలసి ఉంటుంది. 'బెస్' అంటే లేకుండా, 'ప్లాత' అంటే చెల్లింపు. టిక్కెట్టును 'స్వబోద్నీ' అన్నామా, అది ఇంకా అమ్ముడుపోనిదని అర్థం చేసుకొని ఎదుటివాడు డబ్బుకు చెయ్యి చాపుతాడు! చిన్న నిఘంటువులలో ఈ రెండు మాటలూ ప్రక్కప్రక్కనే కూర్చుని ఉంటాయి. ఏది ఏరుకోవలెనో అవి చెప్పవు. చెప్పగలిగినది పర్యాయపదమే. మన వాక్యంలో 'ఫ్రీ'ని తీసివేసి 'ఇండిపెండెంట్' పెడితే అతుకుతుందా, 'వేకెంట్' అతుకుతుందా, 'గ్రాటిస్' అతుకుతుందా అని ముందు ఇంగ్లీషులోనే పరీక్షించుకొని, అటుపిమ్మట రష్యన్ గడప తొక్కటం మేలు.

మనిషి ఈ పరీక్షను తనకు తెలియకుండానే చేస్తాడు. మరి యంత్రమో? 1954 జనవరిలో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంవారూ, ఐ.బి.ఎం. సంస్థవారూ న్యూయార్కులో ఒక ప్రదర్శన జరిపారు. 250 మాటలూ, 6 వ్యాకరణ సూత్రాలూ ఎక్కించిన యంత్రం 60కి పైగా రష్యన్ వాక్యాలను ఇంగ్లీషు చేసింది. ఇక అనువాదకునితో పని తీరినట్లేనని కొందరు సంబరపడ్డారు. 1960లో బార్-హిల్లెల్ అనే తర్కవేత్త ఒక పిల్లవాని బొమ్మల పెట్టెను అడ్డం వేసి ఈ సంబరాన్ని ఆపాడు. పెట్టె 'పెన్'లో ఉన్నదట. ఇంగ్లీషులో కలమూ 'పెన్' అవుతుంది, పసివాడు పాకిపోకుండా చుట్టూ నిలిపే చిన్న కంచే 'పెన్' అవుతుంది. కలంలో పెట్టె పట్టదు గనుక ఇది కంచేనని మనకు తెలుసు. ఆ తెలివి వ్యాకరణంలోనూ లేదు, నిఘంటువులోనూ లేదు. పెట్టె ఎంత ఉంటుందో కలం ఎంత ఉంటుందో ఎరిగి ఉండటంలో ఉన్నది. రష్యన్‌లో కలం 'రూచ్క', పిల్లల కంచె 'మనేజ్', పశువుల దొడ్డి 'జగోన్'. అన్నట్లు, కలమనే 'పెన్' ఈక అనే లాటిన్ మాట నుండి వచ్చినది. కంచె అనే 'పెన్' పుట్టుక వేరు. ఒకే పేరు పెట్టుకొన్న ఇద్దరు పరాయివాళ్లన్నమాట. అమెరికాలో ఈ యంత్రానువాదాన్ని పరిశీలించిన సంఘం 1966లో పెదవి విరిచింది, ధనసహాయం సన్నగిల్లింది. నేటి యంత్రాలు మాటల ఇరుగుపొరుగును లెక్కలేనన్ని వాక్యాలలో గమనించి నేర్చినవి గనుక ఈ పెట్టెను దాటగలవు. ఒంటిమాటగా అడిగితే మాత్రం వాటికైనా ఊహించటమే గతి.

ఇంతవరకు ఇంగ్లీషు కలిపినదాన్ని రష్యన్ విడదీయటం చూశాము. తిరగబడే చోట్లు కూడా ఉన్నాయి. ఇంగ్లీషువాడు 'ఆర్మ్' అనీ 'హ్యాండ్' అనీ విడదీసినదంతా రష్యన్‌లో 'రుకా'. 'లెగ్', 'ఫుట్' రెండూ 'నగా'. 'ఫింగర్', 'టో' రెండూ 'పాలెట్స్'. మనకూ అంతే గదా: చెయ్యి, కాలు, వేలు. రష్యన్ నవలలు మనకు చాలాకాలం ఇంగ్లీషు మీదుగానే వచ్చాయి. నడుమనున్న అనువాదకుడు ఆర్మా, హ్యాండా అని తల బద్దలు కొట్టుకొన్న చోట మనవాడు మళ్లీ 'చెయ్యి' అనే వ్రాసి ఉంటాడు.

అయితే ఇంగ్లీషు దారిలో నిజంగా పోగొట్టుకొన్నది వేరే ఉన్నది. 'యు' అనే మాటకు రష్యన్‌లో 'తీ', 'వీ' అని రెండు. మన 'నువ్వు', 'మీరు' వంటివే. అన్నాళ్లూ 'వీ' అన్న యువతి ఒకనాడు 'తీ' అంటే, రష్యన్ పాఠకునికి అది కథలో ఒక సంఘటన. ఇంగ్లీషులో ఆ సంఘటన జరగనే జరగదు. రెండు చోట్లా 'యు'యే. దాన్ని చూసి తెలుగు చేసేవాడు నాయికచేత మొదటినుండి చివరిదాకా 'మీరు' అనిపిస్తాడు, నాయకునిచేత 'నువ్వు' అనిపిస్తాడు. మన ఇంటి మర్యాదను రష్యన్ ఇంట్లో ప్రవేశపెడతాడు. అతని తప్పు కాదు. అతనికి ఆధారం మిగలలేదు. మాస్కోలో ఉండి అనువాదాలు చేసిన ఉప్పల లక్ష్మణరావు వంటివారికి ఆ ఆధారం మూలంలోనే కంటికి కనబడేది.