మీకు తెలుసా? బ్యాండు మేళం మధ్యలోంచి టచ్‌డౌన్!

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ అభిమానులు ‘ది ప్లే’ అన్నారంటే, అది 1982 నవంబర్ 20న బర్కిలీలో జరిగిందే. స్టాన్‌ఫర్డ్ 20, కాలిఫోర్నియా 19. మిగిలింది 4 సెకన్లు. స్టాన్‌ఫర్డ్ తన్నిన బంతి కాలిఫోర్నియా ఆటగాడు కెవిన్ మోయెన్ చేతికి చిక్కింది. బంతి పట్టుకున్నవాణ్ణి కింద పడేస్తే ఆట ముగిసినట్టే. పడేలోపు మాత్రం పక్కకో వెనక్కో ఎన్నిసార్లయినా విసరొచ్చు. కాలిఫోర్నియా కుర్రాళ్లు ఏకంగా 5 సార్లు విసిరారు!

డ్వైట్ గార్నర్‌ను చుట్టుముట్టేసరికి గెలిచేశామనుకుని స్టాన్‌ఫర్డ్ బ్యాండు మైదానంలోకి వచ్చేసింది. బంతి అప్పటికే చేతులు మారింది. చివర్లో మేరియెట్ ఫోర్డ్ పడిపోతూ, చూడకుండానే భుజం మీదుగా వెనక్కి విసిరాడు. అందుకున్నది మళ్లీ మోయెనే! వాయిద్యకారుల మధ్యలోంచి దూసుకెళ్లి, గీత దాటి, ఒక ట్రాంబోన్ కళాకారుణ్ణి ఢీకొట్టాడు. రిఫరీలు చర్చించుకుని టచ్‌డౌన్ ఇచ్చారు: 25-20. ఇంత అద్భుతమైన ముగింపు ఏ ఆటలోనైనా అరుదు.

గార్నర్ మోకాలు ముందే నేలను తాకిందని, ఆట అక్కడే ముగిసిందని స్టాన్‌ఫర్డ్ వాదన. అందుకే ఈ రెండు జట్ల పోరులో విజేతకిచ్చే గొడ్డలి ట్రోఫీ తమ చేతికొచ్చినప్పుడల్లా దాని మీద ఆ స్కోరును 20-19గా మార్చేస్తారు. కాలిఫోర్నియా గెలుచుకున్నాక మళ్లీ 25-20 చేస్తుంది.