నాణెం పట్టిన ఎర్ర గబ్బిలం

హాంకాంగ్ రాత్రి ఫోటోల్లో ఒక బోర్డు మళ్లీ మళ్లీ కనబడుతుంది. వెలిగే నియాన్ గీతలతో గీసిన గబ్బిలం, దాని కింద గుండ్రటి నాణెం. అది తాకట్టు దుకాణం గుర్తు. మనవైపు గబ్బిలం ఇంట్లో దూరితే కీడంటారు. చైనా భాషలో మాత్రం గబ్బిలం, అదృష్టం అనే మాటలు ఒకేలా పలుకుతాయి, అందుకే అక్కడది శుభం. చేతి గడియారం కుదువ పెట్టడానికి వచ్చినవాడి నెత్తిన అదృష్టం ఎర్రగా వెలుగుతూ ఉంటుంది. ఆ ఫోటోల్లోని దిగులు కొంత అక్కడే ఉంది.

నియాన్ వాయువును 1898లో లండన్‌లో రామ్సే, ట్రావర్స్ కనుగొన్నారు. 1910లో పారిస్ మోటారు ప్రదర్శనలో జార్జ్ క్లాడ్ దాన్ని గాజు గొట్టాల్లో వెలిగించి చూపాడు. గొట్టంలో గాలి తీసేసి, కాస్త నియాన్ నింపి, వేల వోల్టుల కరెంటు పంపితే నారింజ కలిసిన ఎరుపు వస్తుంది. నీలానికి ఆర్గాన్, పాదరసం వాడతారు. గొట్టంలో ప్రతి వంపూ మంట మీద కాచి చేత్తో తిప్పిందే. అందుకే నియాన్ అక్షరంలో చేతిరాత జీవం ఉంటుంది.

మరి ఇలాంటి నియాన్ ఫోటోల్లో కనిపించే ఒంటరితనం ఎక్కడిది? రాత్రి దృశ్యంలో చీకటే ఎక్కువ కాబట్టి కెమెరా తనంతట తాను ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది. గొట్టం తెల్లగా పాలిపోతుంది, రంగు పోతుంది. రంగు దక్కాలంటే ఎక్స్‌పోజర్‌ను ఒకటి రెండు మెట్లు తగ్గించాలి. తగ్గించగానే వీధి, గోడలు, మనుషులు నీడలో మునిగిపోతారు. రంగును కాపాడుకోవడానికి చేసిన పనే చుట్టూ చీకటిని చిక్కబరుస్తుంది. ఈ దిగులు ఎవరో తెచ్చి అద్దింది కాదు, ఆ వెలుగును ఫోటో తీసే పద్ధతిలోనూ ఉంది. వాన వెలిసిన రోడ్డు మీద అదే ఎరుపు రెండోసారి, చెదిరి కనబడుతుంది. వాంగ్ కార్ వై 1994లో తీసిన 'చుంగ్‌కింగ్ ఎక్స్‌ప్రెస్' సినిమాలో జనం రంగు చారలుగా కరిగిపోతుంటారు. అంత రద్దీలోనూ ఆ మనుషులు ఒంటరివాళ్లే.

భద్రతా నిబంధనలు కఠినమయ్యాయి, చవకైన ఎల్‌ఈడీలు వచ్చాయి, హాంకాంగ్‌లో నియాన్ బోర్డులు ఒక్కొక్కటిగా దిగిపోతున్నాయి. ఒక హోటల్ ముందు ఏళ్ల తరబడి వెలిగిన నియాన్ ఆవును 2015లో దించేశారు. అదిప్పుడు ఎం ప్లస్ మ్యూజియం సేకరణలో ఉంది. మీ ఊళ్లో పాత సినిమా హాలు మీదో, లాడ్జి మీదో ఇంకా ఒక గొట్టం వెలుగుతుంటే, అది దిగకముందే ఫోటో తీసి ఉంచండి.