ఎయిర్ ఫ్రైయర్ ఉన్న పెద్ద మల్టీ కుక్కర్ కొనాలా? ముందు ఇంటి లెక్క చూసుకోండి

జహీరాబాద్: రంజాన్ దగ్గర పడుతుందంటే చాలా ఇళ్లలో ఒకే ముచ్చట. ఒకే గిన్నెలో పాయా ఉడుకుతుందట, దాంట్లోనే సమోసా వేగుతుందట, నూనె కూడా అక్కర్లేదట. ఆన్‌లైన్‌లో ఆఫర్ కనిపిస్తుంది. లేదంటే సౌదీ నుంచో, అమెరికా నుంచో వచ్చే వాళ్లు "తేవాలా?" అని ఫోన్ చేస్తారు. వస్తువు మంచిదే. కానీ ఎనిమిది పది మంది ఉన్న ఇంటికి అది సరిపోతుందా, కరెంటు బిల్లు ఏమవుతుంది అన్నది కొన్నాక కాదు, కొనక ముందే చూసుకోవాలి.

అసలు ఇది ఏంటి?

ఇది రెండు మెషిన్లు కలిపిన ఒక మెషిన్. కింద కరెంటు ప్రెషర్ కుక్కర్. పైన మూతలో హీటర్, ఫ్యాన్. ఆ ఫ్యాన్ దాదాపు 200 డిగ్రీల వేడి గాలిని తిప్పుతుంది. దాన్నే ఎయిర్ ఫ్రై అంటారు. పేరు ఫ్రై అయినా అది నూనెలో వేయించడం కాదు, చిన్న ఓవెన్‌లో కాల్చడం లాంటిదే. కరెంటు ప్రెషర్ కుక్కర్, ఎయిర్ ఫ్రైయర్ మొదట వేర్వేరుగా వచ్చాయి. 2018లో నింజా ఫూడీతో రెండూ కలిసిన మోడల్‌కు పేరొచ్చింది. తర్వాత ఇన్‌స్టంట్ పాట్ వాళ్లూ ఇలాంటివి తెచ్చారు.

8 లీటర్లంటే 8 లీటర్లు కాదు

డబ్బా మీద 8 లీటర్లని రాసి ఉన్నా ప్రెషర్‌లో మూడింట రెండు వంతులే నింపాలి. బియ్యం, పప్పు, గోధుమల లాంటి ఉబ్బేవైతే సగమే. అంటే నీళ్లతో కలిపి 4 లీటర్లు. కిలో బియ్యంతో బగారా అన్నం బాగానే అవుతుంది. దాల్చా, పాయా, నిహారీ కూడా బాగా వస్తాయి. కిలో బియ్యం, కిలోన్నర గోష్త్ కలిపి బిర్యానీ అంటే మాత్రం ఇరుకే. కచ్చీ బిర్యానీకి దేగ్చీ, దమ్ ఇచ్చే రుచి ఇందులో ఆశించొద్దు.

ఇంకో తేడా ఉంది. ఇందులో సీటీలు లెక్కపెట్టడం ఉండదు, టైమ్ పెట్టాలి. పొయ్యి మీది కుక్కర్ కన్నా ఇందులో ప్రెషర్ మామూలుగా కాస్త తక్కువ, కాబట్టి గోష్త్ ఉడకడానికి టైమ్ ఎక్కువ పడుతుంది. హలీమ్‌కు గోధుమలు, గోష్త్ మెత్తగా ఉడుకుతాయి, కానీ ఘోటా చేతితోనే కొట్టాలి. లోపలి గిన్నెకు నాన్‌స్టిక్ పూత ఉంటే అందులోనే ఘోట్నీ పెట్టి కొట్టకూడదు, పూత లేచిపోతుంది. స్టీల్ గిన్నె ఉన్న మోడల్ అయితే ఆ బాధ లేదు.

ఇఫ్తార్ టైమ్‌కు 40 సమోసాలు అవుతాయా?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఎయిర్ ఫ్రైలో ముక్కలు ఒకే వరుసలో పరవాలి, ఒకదాని మీద ఒకటి వేస్తే పచ్చిగా ఉంటాయి. గిన్నె లోతుగా ఉన్నా అడుగు వెడల్పు తక్కువే. మామూలు సైజు సమోసాలు, లుఖ్మీలు ఒక విడతకు ఎనిమిది పట్టాయనుకోండి, ఒక్కో విడతకు 12 నుంచి 15 నిమిషాలు. 40 కావాలంటే ఐదు విడతలు, అంటే గంటకు పైనే. అదే పని కడాయిలో అరగంట లోపే అయిపోతుంది.

పకోడీ, మిర్చీ బజ్జీ లాంటివి ఇందులో కుదరవు. జారుడు పిండి జాలీలోంచి కిందికి కారిపోతుంది. దహీ బడేకూ కడాయే కావాలి. సీఖ్ కబాబ్, చికెన్ టంగ్‌డీ, చేప ముక్కలు, అప్పడాలు బాగా వస్తాయి. చల్లారిన సమోసా మళ్లీ కరకరలాడుతుంది.

ఇంకొకటి మర్చిపోవద్దు. గిన్నె ఒక్కటే. అస్ర్ తర్వాత అందులో హలీమ్ ఉడుకుతుంటే మగ్రిబ్ లోపు అదే గిన్నెలో కబాబ్ కాల్చలేరు. రెండు పనులు చేస్తుంది, కానీ రెండూ ఒకేసారి చేయదు.

నూనె సంగతి నిజమే. ఒక పెద్ద చెంచా నూనెలో దాదాపు 120 కేలరీలు ఉంటాయి. రోజూ వేపుళ్లు తినే ఇంట్లో అది తగ్గితే మేలే. కానీ షుగర్ ఉన్న పెద్దలకు సమోసా మైదా మైదాయే, నూనె లేనంత మాత్రాన ఎక్కువ తినొచ్చని కాదు.

జీరో బిల్లు పోతుందేమో చూడండి

ఇలాంటి మెషిన్ 1500 వాట్లు ఉందనుకోండి. ఫుల్‌గా 40 నిమిషాలు నడిస్తే ఒక యూనిట్. ఇఫ్తార్‌కు రోజూ ఒక యూనిట్, సహర్ వంటకు అర యూనిట్ వేసుకుంటే 30 రోజులకు 45 యూనిట్లు. వేడి అందాక హీటర్ ఆగి ఆగి నడుస్తుంది కాబట్టి కొంత తగ్గొచ్చు.

2024లో మొదలైన గృహజ్యోతిలో నెలకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు. దాటితే దాటిన యూనిట్లకే కాదు, ఆ నెల మొత్తానికీ కట్టాలి. 170 యూనిట్లు వాడే ఇల్లు ఈ మెషిన్‌తో 215కు చేరిందనుకోండి. 2022లో వచ్చిన రేట్ల ప్రకారం మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున 1,020 రూపాయలు, మిగతా 15కు 7.70 చొప్పున 115 రూపాయలు. మొత్తం 1,135, మిగతా చార్జీలు వేరే. 120 యూనిట్లు వాడే ఇంటికి ఈ భయం లేదు. అందుకే ముందు పోయిన రంజాన్ నెల బిల్లు తీసి చూడాలి.

ప్లగ్గు విషయం కూడా చిన్నది కాదు. 1500 వాట్లంటే 230 వోల్టుల మీద 6.5 ఆంప్స్. అంటే 6 ఆంప్స్ చిన్న ప్లగ్గుకు మించిన లోడ్. 16 ఆంప్స్ ప్లగ్గే వాడాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు. మామూలు ఇంటి ఇన్వర్టర్ దీన్ని మోయదు. మగ్రిబ్ ముందు కరెంటు పోతే వంట ఆగినట్టే. మీటర్ ఎన్ని కిలోవాట్లకు ఉందో బిల్లు మీదే ఉంటుంది. ఒక కిలోవాటే ఉంటే ఈ ఒక్క మెషినే అంతకు మించుతుంది.

బయటి దేశం నుంచి తెప్పిస్తే

అమెరికా మోడల్ 120 వోల్టులది. ఇక్కడ నేరుగా పెడితే కాలిపోతుంది. దానికి సరిపడా ట్రాన్స్‌ఫార్మర్ బరువు, ఖర్చు రెండూ ఎక్కువే. గల్ఫ్ నుంచి తెచ్చేది మెషిన్ వెనుక రేకు మీద 220–240 వోల్టులు, 50/60 హెర్ట్‌జ్ అని ఉంటే పనికొస్తుంది, ప్లగ్గు మార్చుకోవాలి. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోవాలి. ఇక్కడ కొన్నా సర్వీస్ సెంటర్ ఎక్కడుందో అడగాలి. రబ్బరు గాస్కెట్ కోసం హైదరాబాద్ దాకా 100 కిలోమీటర్లు పోవాల్సి వస్తే ఆఫర్‌లో మిగిలింది బస్సు చార్జీలకే సరి.

నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీ లేదా?

వడ్డీకి దూరంగా ఉండే కుటుంబాలు ఇది గమనించాలి. సున్నా శాతం వడ్డీ స్కీములు వద్దని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఇప్పుడు ఉన్నదాంట్లో బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మేర ధరలో డిస్కౌంట్ ఇస్తారు. వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు విడిగా పడతాయి. కాగితంలో వడ్డీ ఉంటుందన్నమాట. అక్కర్లేదనుకుంటే రెండు నెలలు ఆగి నగదుతో కొనడమే నయం.

చివరికి ఎవరికి పనికొస్తుంది?

నలుగురైదుగురు ఉన్న ఇల్లు, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే వాళ్లు, 16 ఆంప్స్ ప్లగ్గు, బిల్లులో జాగా ఉంటే ఇది బాగా పనికొస్తుంది. టైమ్ పెట్టి నమాజుకు పోవచ్చు, పొయ్యి దగ్గర నిలబడే పని లేదు.

ఎనిమిది పది మంది ఉండి, ఇఫ్తార్‌కు చుట్టాలు వచ్చే ఇల్లయితే వేరే దారి మేలు. పొయ్యి మీద పెట్టే ఐఎస్ఐ గుర్తున్న 10 లీటర్ల కుక్కర్ ఒకటి, విడిగా వెడల్పు బుట్ట ఉన్న ఎయిర్ ఫ్రైయర్ ఒకటి. రెండు పనులూ ఒకేసారి అవుతాయి, ఒకటి చెడిపోయినా రెండోది నడుస్తుంది. కొనే ముందు ఇంట్లో రోజూ వంట చేసే అమ్మీనో, బహూనో ఒక్క మాట అడగండి. వాడేది వాళ్లే.