వార్తల్లో పదం: సీఎస్‌ఆర్

బడి ప్రహరీ మీదో, మంచినీటి ప్లాంటు మీదో ‘సీఎస్‌ఆర్ నిధులతో’ అని రాసి ఉంటుంది. కార్పొరేట్ సామాజిక బాధ్యత అన్నమాట. ఇది దానధర్మం కాదు, చట్టం. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ముందటి ఏడాది నికర విలువ రూ.500 కోట్లు, టర్నోవర్ రూ.1,000 కోట్లు, నికర లాభం రూ.5 కోట్లు... వీటిలో ఏ ఒక్కదాన్ని అందుకున్నా, ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. సగటు రూ.10 కోట్లయితే రూ.20 లక్షలు.

తెనాలి మినప మిల్లులు, బాపట్ల రైస్ మిల్లులు, రేపల్లె వైపు రొయ్యల చెరువులు చాలావరకు ఈ లెక్కలోకి రావు. అంతమాత్రాన బాధ్యత తప్పదు. పట్టుబడి అయ్యాక చెరువు అడుగున మిగిలే నల్లటి బురదనీటిని అలాగే మురుగుకాలువలోకి వదిలితే దిగువన మడ అడవికీ, వేటకు వెళ్లేవారికీ దెబ్బే. పెద్ద కంపెనీ అయినా తన వ్యర్థజలాల శుద్ధిని సీఎస్‌ఆర్ ఖాతాలో చూపకూడదు. అది వేరే చట్టం ప్రకారం ఎలాగూ చేయాల్సిన పని. నిజాంపట్నం తీరాన మడ మొక్కలు నాటిస్తే మాత్రం చెల్లుతుంది.

కంపెనీ నడిచే ప్రాంతానికే ప్రాధాన్యమివ్వాలని చట్టమే చెబుతోంది. ఎవరెంత ఖర్చుపెట్టారో జాతీయ సీఎస్‌ఆర్ పోర్టల్‌లో ఉంటుంది. పంచాయతీలు చూడాలి, అడగాలి.