ఆటలో నాయకుడు, తెరముందు ప్రేక్షకుడు

రైల్వే ఉద్యోగాల వెంట తెలుగు కుటుంబాలెన్నో బిలాస్‌పూర్ చేరాయి. అక్కడి మోప్కాలో ఏ కుర్రవాడైనా వీడియో గేమ్ ముందు కూర్చుంటే, కథను నడిపేది అతడే. పదిసార్లు గోతిలో పడి పదకొండోసారి దాటితే, ఓటమీ అతనిదే, గెలుపూ అతనిదే. ఆ కథే వెండితెరకెక్కినప్పుడు పగ్గాలు దర్శకుని చేతికి పోతాయి. అభిమాని అసంతృప్తికి మూలం ఇదే.

పైగా పాత ఆటలలో కథ నామమాత్రం. 1993లో ‘సూపర్ మారియో బ్రదర్స్’ను తీసిన హాలీవుడ్, ఆటలోని రంగుల లోకాన్ని విడిచి చీకటి నగరాన్ని కల్పించింది. అమెరికాలో సుమారు 2.1 కోట్ల డాలర్లే వసూలై, పెట్టుబడి మునిగింది.

2019లో ‘సోనిక్’ ప్రచార చిత్రంలో నాయకుని రూపాన్ని అభిమానులు నిరసించారు. నిర్మాతలు విడుదలను మూడు నెలలు వాయిదా వేసి, ఆ రూపాన్ని మార్చారు; 2020లో చిత్రం నెగ్గింది. ఆట లోకాన్ని యథాతథంగా నిలిపిన 2023 నాటి మారియో యానిమేషన్ చిత్రం 130 కోట్ల డాలర్లకు పైగా ఆర్జించింది.

నవల సినిమాగా మారినప్పుడు పాఠకుడూ నొచ్చుకుంటాడు. అయితే పాఠకుడు పాత్రను ఊహించుకుంటాడు. ఆటగాడు ఆ పాత్రగా కొంతకాలం బ్రతుకుతాడు. ఆ అనుభవాన్ని ఏ దర్శకుడూ తిరిగి ఇవ్వలేడు. ఆటగాడు ప్రేమించిన లోకాన్ని చెరపకుండా చూపడం మాత్రం అతని చేతిలోని పనే.