భీమవరం నుంచి వలిసె పూలకు

భీమవరంలో మేడెక్కి ఎటు చూసినా కొండ కనబడదు. వరిచేలు, రొయ్యల చెరువులు, చెరువుల్లో నురగలు లేపుతూ తిరిగే ఏరియేటర్లు, కాలవగట్ల మీద కొబ్బరిచెట్లు. ఇంత చదును నేల మీద పుట్టిపెరిగిన వాళ్లకి కార్తీకం వచ్చేసరికి కొండగాలి సోకుతుంది. గునుపూడి సోమేశ్వరుడి గుళ్లో దీపం పెట్టేసి, పెద్దవాళ్లు వనభోజనాల లెక్కలు వేసుకుంటుంటే కుర్రాళ్లు వీపు సంచులు సర్దుకుంటారు. అరకు, పాడేరు వైపు వలిసెలు పూసే కాలం అది.

కార్లో వెళ్లి చీకటి పడేలోగా దిగొచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్ల సంగతి అలా ఉంచుదాం. మూడు నాలుగు రోజులు చేతిలో పెట్టుకుని, బరువు మోస్తూ ఊరి నుంచి ఊరికి నడిచే బృందాలు కొన్ని ఉంటాయి. ఈ కథనం వాళ్ల దారి పట్టుకుని సాగుతుంది.

రైలెక్కితే నిడదవోలు దగ్గర మెయిన్ లైన్లో పడి విశాఖ చేరాలి. అక్కణ్ణించి పొద్దున్నే కిరండూల్ రైలు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడానికి 1960ల్లో కొండలు తొలిచి వేసిన లైను ఇది. సొరంగంలోకి దూరినప్పుడల్లా పెట్టెలో కుర్రాళ్లు పెట్టే కేకలకు చెవులు మూసుకోవాల్సిందే. బొర్రా దాటి, శిమిలిగూడ దగ్గర దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకెక్కి, బండి అరకు లోయలోకి దిగుతుంది.

అరకు నుంచి పాడేరుకి రోడ్డున నలభై అయిదు కిలోమీటర్లకు అటూ ఇటూ. బస్సులో ఓ కునుకు తీసేలోపు అయిపోతుంది. నడిచేవాళ్లు డుంబ్రిగుడ వైపు తిరిగి, చాపరాయి దగ్గర రాతిపలక మీద జారే నీళ్లలో కాళ్లు పెట్టుకుని, హుకుంపేట మీదుగా తాపీగా వెళతారు. తారురోడ్డు వదిలి పొలంగట్టు ఎక్కగానే దారి మారిపోతుంది. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు, వాటి నీడన ఎర్రబడుతున్న కాఫీ పళ్లు, వాలు మీద కోతకొచ్చిన చోడి, ఆ పక్కన ఒక్కసారిగా పసుపు. దూరం నుంచి అంతా ఒకటే రంగు ముద్ద. దగ్గరికెళితే మొక్క నడుం ఎత్తుంటుంది. పువ్వు రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దది, సుమారుగా ఎనిమిది రేకలు, ఒక్కో రేక కొసన చిన్నచిన్న పళ్లు. తెల్లారేసరికి మంచుకి మొత్తం తడిసి వంగి ఉంటుంది. ఆ వేళప్పుడు చేలో నడిస్తే ప్యాంటు మోకాళ్ల దాకా నానిపోతుంది. ఎండ పొడుచుకొచ్చాకే తేనెటీగలు దిగుతాయి. అప్పుడిక చేనంతా ఒకటే రొద.

ఆ రొదే ఈ పంటకు ఆధారం. వలిసె మొక్క తన పుప్పొడితో తాను గింజ కట్టుకోవడం అరుదు, ఈగ వాలి పక్క మొక్కది తెచ్చిపెట్టాల్సిందే. ఫొటో కోసం చేను మధ్యకు దిగి మొక్కలు తొక్కేవాళ్లకి ఈ సంగతి పట్టదు. వాళ్ల దృష్టిలో ఇవి అడవిపూలు. నిజానికి వానాకాలంలో చల్లి, చలికాలంలో కోసుకునే నూనెగింజ. ఎరువు అడగదు, ఏటవాలు బీడులోనైనా పండుతుంది. మైదానంలో వెర్రినువ్వులనేది దీన్నే. ఎప్పుడో ఇథియోపియా నుంచి వచ్చి మన్యంలో స్థిరపడింది.

కొన్నిచోట్ల రైతులు గట్టు మీద తాడు కట్టి, చేలోకి దిగినందుకు మనిషికింత అని తీసుకుంటున్నారు. ఓసారి అలాంటి తాడు దగ్గర మన వైపు నుంచి వచ్చినావిడ దెబ్బలాటకు దిగింది. “పూలు చూడ్డానికి కూడా డబ్బులేంటండీ!” అని. వాళ్లాయన నెమ్మదిగా, “మన చెరువు గట్టెక్కి ఎవరైనా రొయ్యలు తొక్కితే ఊరుకుంటావేంటే?” అన్నాడు. ఆవిడ పర్సు తీసింది. నా ఓటు ఆయనకే.

నల్లగా నిగనిగలాడే గింజలో కొంత గానుగకెళ్లి నూనెవుతుంది, కొంత ఓడెక్కుతుంది. అమెరికా పెరళ్లలో పిట్టల మేతకు నైజర్ పేరుతో అమ్మేది ఇదే జాతి గింజ. కలుపు మొలవకుండా వేడిచేశాక గానీ అక్కడ అమ్మకానికి పెట్టనివ్వరు. పసుపుపచ్చ గోల్డ్‌ఫించ్ పిట్టకు ఇది మహా ఇష్టం. ఆ పిట్ట న్యూజెర్సీ రాష్ట్రపక్షి కూడా. భీమవరం నుంచి వెళ్లి ఎడిసన్‌లో కాపురం పెట్టినవాళ్ల పెరట్లోనూ ఆ గింజ వేలాడుతూ ఉండొచ్చు.

మధ్యలో లాడ్జీల్లేవు. గుడారం వేసే ముందు ఊరి పెద్దని అడగడం మర్యాద. అడిగితే బడి అరుగు చూపిస్తారు, చోడి అంబలీ పోస్తారు. దోమతెర, మందపాటి దుప్పటి మాత్రం మర్చిపోకూడదు. రాత్రి చలి ఒక అంకెలోకి దిగిపోతుంది, కోస్తా ఒళ్లు తట్టుకోలేదు. పాడేరు చేరాక మర్నాడు తెల్లవారకముందే వంజంగి కొండ. పైనుంచి కాళ్ల కింద మేఘాలు బాగానే ఉంటాయి, చిప్స్ ప్యాకెట్లు కూడా.

పాడేరు నుంచి చింతపల్లి, లంబసింగి వైపు బస్సే నయం. ఇక్కడ పువ్వుల కన్నా రోడ్డు గురించి చెప్పుకోవాలి. నర్సీపట్నం నుంచి చింతపల్లికి ఎక్కే ఈ ఘాట్ రోడ్డు పనికి వందేళ్ల కిందట కొండవాళ్లని బలవంతంగా తోలారు. సరిగా కూలి కూడా ఇవ్వలేదు. గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ మీద మన్యం రగిలిపోవడానికి అదో పెద్ద కారణం. పోడు కొట్టుకోనివ్వని 1882 నాటి అటవీ చట్టం అప్పటికే గొంతు మీద కూచుంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి పోలీసుస్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. తర్వాతి రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి.

రాజుగారి కుటుంబానిది భీమవరం పక్కనే ఉన్న మోగల్లు. 2022 జూలై 4న భీమవరంలో ఆయన 30 అడుగుల కంచు విగ్రహాన్ని ప్రధాని ఆవిష్కరించారు. అంతకు మూడు నెలల ముందే, ఏప్రిల్ 4న, భీమవరం పశ్చిమగోదావరికీ, పాడేరు అల్లూరి పేరిట పుట్టిన కొత్త జిల్లాకీ ఒకే రోజు కేంద్రాలయ్యాయి. డెల్టా కుర్రాడు కొండవాళ్ల కోసం తుపాకీ పట్టడం వెనక అసలు తగువేంటో ఈ మలుపుల్లో కూచుంటే కొంత తెలుస్తుంది. ఇప్పుడిదే రోడ్డు మీద లంబసింగి మంచు చూడ్డానికి ఆదివారాల్లో తెల్లవారకముందే కార్లు బారులు తీరతాయి. వాటిలో పాత ఏపీ 37 నంబర్లూ కనిపిస్తుంటాయి.

ఘాట్ దిగి నర్సీపట్నం చేరాక ప్రతి బృందంలోనూ ఒకటే చర్చ: నేరుగా తుని వెళ్లి రైలెక్కడమా, చుట్టు తిరిగి కృష్ణదేవిపేటలో రాజుగారి సమాధి చూసి వెళ్లడమా అని. కాళ్లు బొబ్బలెక్కినవాళ్లు తునికే ఓటేస్తారు. జట్టులో మోగల్లువాడు ఒక్కడున్నా ఆ చర్చ సాగదు.