ఎర్ర సిలిండర్‌కు సంతకం చాలదు

మీరు పనిచేసే కారఖానాలో తలుపు పక్కన గోడకు ఒక ఎర్ర సిలిండర్ వేలాడుతుంటది. దానికో చీటీ కట్టి ఉంటది. ఆ చీటీ మీద నెలనెలా ఎవరో సంతకం పెడ్తరు. మా కారఖానాలో ఆ సంతకం నాది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా నాయిన కరీంనగర్ దిక్కు నుంచి సాంచాల పనికి షోలాపూర్ వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను. వైర్‌మన్ పని నేర్చుకొని ఒక టవళ్ల కారఖానాలో చేరాను. మోటార్లు, ఫ్యూజులు, లైట్లు చూసుకోవడం నా పని. వాటితోపాటు పది సిలిండర్ల చీటీలు కూడా నాకే అప్పజెప్పారు. ప్రతి నెల ఒకటో తారీఖు చాయ్ తాగేటప్పుడు జేబులోంచి పెన్ను తీసి, పదింటి మీద అయిదు నిమిషాల్లో సంతకాలు పెట్టేవాణ్ణి. ఒక్కదాన్ని కూడా గోడ మీది నుంచి దించి చూసింది లేదు. వాటి మీద పేరుకున్న దూది నుసి కూడా తుడవలేదు.

ఇది ఇరవై ఏండ్ల కిందటి మాట. సాయంత్రం ఆరు కావస్తున్నది, పాళి మారే వేళ. ఒక సాంచా మోటారు దగ్గర వైరు వదులై నిప్పురవ్వ లేచింది. మోటారు మీది నుసి అంటుకున్నది. అక్కడి నుంచి మంట నుసి పట్టుకొని పైకప్పు దూలాల దాకా వత్తి మీద పాకినట్టు పాకింది. నేను ఉరికి మెయిన్ స్విచ్ తీసేశాను. జాబర్ సిలిండర్ గుంజుకొచ్చి, పిన్ను లాగి నొక్కాడు. తుస్సుమని పిడికెడు పొడి రాలింది, అంతే. ఇంకొకటి తెచ్చాడు. అందులో పొడి గడ్డకట్టి ఉన్నది, ఏమీ రాలేదు.

వెనక తలుపు దిక్కు కండెలు చుట్టే ఆడవాళ్లు ఉన్నారు. ఆ తలుపుకు అడ్డంగా నూలు సంచులు పేర్చి ఉన్నాయి. మా గల్లీ వదిన ముందుండి సంచులు లాగి దారి చేసింది. అందరూ బయటపడ్డారు. ఆఖరున ఆమె వస్తుంటే, కాలుతున్న నూలు రెండు చేతుల మీద పడ్డది. ఫైర్ బ్రిగేడ్ వచ్చి మంటలార్పింది. ఎవరి ప్రాణమూ పోలేదు. గాని వదిన కుడిచేతి వేళ్లు ఇప్పటికీ వంగవు. కారఖానా నుంచి ఇంటికొచ్చినంక బీడీలు చుట్టి ఇద్దరు పిల్లల్ని చదివించుకునేది. ఆ పని పోయింది.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. చీటీల నిండా సంతకాలున్నాయి కదా! నేనే ఒకరోజు వదిన దగ్గరికి పోయి, చూడకుండా సంతకాలు పెట్టిన సంగతి చెప్పాను. ఆమె చానాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇగ నుంచైనా చూసి పెట్టు మరిదీ" అన్నది. అప్పటి నుంచి చూసే పెడుతున్నాను. ఏమేం చూడాలో మీకూ చెప్తాను.

సిలిండర్‌ను ఇట్ల చూడాలె

పొడి సిలిండర్‌కు పైన చిన్న గడియారం లాంటి మీటరు ఉంటది. ముల్లు ఆకుపచ్చ గీతలో ఉండాలి. ఎర్ర గీతలోకి వస్తే అది అవసరానికి పనిచేయదు. పిన్ను, దాని సీలు చెక్కుచెదరకుండా ఉండాలి. పైపు మూతిలో నుసి, పురుగుల గూళ్లు లేకుండా చూడాలి. దాన్ని దించి రెండుసార్లు తలకిందులు చేస్తే లోపల పొడి కదిలినట్టు చేతికి తెలుస్తది. కదలకపోతే గడ్డకట్టినట్టే. ఒక్కసారి, అదీ కొంచెమే వాడినా సరే, మళ్లీ నింపించాల్సిందే.

కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కు ఆ మీటరు ఉండదు. దాన్ని తూకం వేయాలి. నిండుగా ఉన్నప్పటి బరువు దాని మీదే రాసి ఉంటది. గ్యాస్‌లో పదో వంతు తగ్గినా నింపించాలి. అంటే రెండు కిలోల గ్యాస్ ఉండాల్సిన దాంట్లో 200 గ్రాములు తగ్గితే చాలు.

ఇంకో మాట. కరెంటు ఉన్నంతసేపు నీళ్లు పోయకూడదు. ముందు మెయిన్ తీయాలి. ప్యానెల్ అంటుకుంటే కార్బన్ డయాక్సైడ్ గాని పొడి గాని వాడాలి. దూది, నూలు సంగతి వేరు. పైన మంట ఆరినా లోపల నిప్పు రాజుకుంటూ ఉంటది, గంటల తర్వాత మళ్లీ లేస్తది. కరెంటు తీసినంక గుట్టను విప్పి, లోపలి దాకా నీళ్లతో తడిపితేనే ఆరినట్టు.

కరెంటు పరీక్షలు

ఎమ్‌సీబీ ఉన్నది గదా, షాక్ కొట్టదని చాలామంది అనుకుంటారు. ఎమ్‌సీబీ వైరు మీద లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా పడుతది. మనిషిని షాక్ నుంచి కాపాడేది ఆర్‌సీసీబీ. లైట్ల, ప్లగ్గుల లైనుకు 30 మిల్లీ ఆంపియర్లది ఉండాలి. దాని మీద 'టి' అని రాసిన చిన్న బటన్ ఉంటది. సాంచాలు ఆపి, ఆ బటన్ నొక్కాలి. స్విచ్ టక్కున పడిపోవాలి. పడకపోతే అది ఉన్నా లేనట్టే, మార్పించాలి. ఇంట్లో ఆర్‌సీసీబీ ఉన్నవాళ్లు ఇంట్లోనూ నొక్కి చూడండి. ఈ బటన్ స్విచ్‌ను మాత్రమే పరీక్షిస్తది. ఎర్త్ సరిగా ఉన్నదా లేదా అన్నది ఎర్త్ టెస్టర్‌తో వేరే చూడాలి.

మోటార్లకు, వైరింగుకు లైసెన్సున్న వైర్‌మన్‌తో మెగ్గర్ పెట్టించాలి. కరెంటు తీసి, 500 వోల్టుల మెగ్గర్‌తో చూస్తే కనీసం 1 మెగోమ్ రావాలి. అంతకంటే తగ్గితే వైరు తొడుగు పాడైనట్టే. ఫ్యూజు మాటిమాటికీ పోతున్నదని లావు రాగి తీగ కట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. అప్పుడు ఫ్యూజు పోదు, వైరు కాలుతది.

నుసి సంగతి మరువొద్దు. మోటారు మీద నుసి పేరుకుంటే వేడి బయటికి పోదు, పైగా అదే ముందు అంటుకుంటది. పాళి మారేటప్పుడు సాంచా ఆపి మోటార్లు శుభ్రం చేయాలి. వారానికోసారి కరెంటు తీసి ప్యానెల్ లోపల, దూలాల మీద కూడా దులపాలి.

అడగడంలో తప్పు లేదు

మన మహారాష్ట్రలో అగ్ని నివారణ చట్టం ఉన్నది. దాని కింద యజమాని ప్రతి ఏడు జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి, లైసెన్సున్న ఏజెన్సీతో పరీక్ష చేయించి 'బి' ఫారం సర్టిఫికెట్ ఇవ్వాలి. సేఠ్‌ను ఒక్కరే అడగడానికి భయమైతే పదిమంది కలిసి అడగండి. "సేఠ్, ఈసారి బి ఫారం అయ్యిందా?" అంటే చాలు.

2025 మే 18న తెల్లవారుజామున మన అక్కల్‌కోట్ రోడ్ ఎం.ఐ.డి.సి.లో ఒక టవళ్ల కారఖానా అంటుకొని ఎనిమిది మంది చనిపోయారు. అందులో పసిబిడ్డ కూడా ఉన్నాడు. ఆ పొగ చూసినవాళ్లు మన గల్లీల్లో ఎందరో ఉన్నారు. ఆ రోజు వదిన మా ఇంటికొచ్చి గడప మీద కూసున్నది. "మీ కారఖానాల వెనక తలుపు తీసి ఉన్నదా మరిదీ?" అని అడిగింది. తీసి ఉన్నదని చెప్పాను. అయినా మరునాడు పొద్దున పోంగనే ముందు ఆ తలుపే చూశాను.

రేపు పనికి పోయినప్పుడు మీరూ చూడండి. సిలిండర్ మీది నుసి తుడిచి ముల్లు ఎక్కడున్నదో చూడండి. వెనక తలుపు చేత్తో నెట్టి చూడండి. పాళిలో అందరికీ, ముఖ్యంగా కొత్తగా చేరిన పిల్లలకు, ఏ దారిన బయటికి పోవాలో, మెయిన్ స్విచ్ ఎక్కడున్నదో చూపించండి. ఫైర్ బ్రిగేడ్ నంబరు 101, లేదంటే 112. ఇంట్లో పిల్లలకు కూడా నేర్పండి.